పోయినవాటి వైపు తిరిగే నీడ

పొద్దున లేవగానే సుర్కురా పొయ్యిలోకి ఎండు పేడముద్దలు తోస్తుంది. ఇనపకుండలో టీ ఆకు, పాలు, ఉప్పు వేసి మరగబెడుతుంది. మరిగాక మొదటి గరిటె ఎవరికీ పొయ్యదు. గుడారం బయటికొచ్చి నాలుగు దిక్కులకీ చిలకరిస్తుంది. తూర్పుకో చుక్క, దక్షిణానికో చుక్క, ఉత్తరానికో చుక్క. గరిటెలో మిగిలిందంతా పడమటికి. రెండేళ్ళుగా అలాగే చేస్తోంది. యుద్ధం పడమటే ఉంది.

ఆ వేసవిలో ఆమె వంట చేసింది తవ్వకాలవాళ్ళకి. పట్నం నుంచి వచ్చినవాళ్ళు తొమ్మిదిమంది, ఊళ్ళోంచి కూలికి చేరినవాళ్ళు నలుగురు. ఆ నలుగురిలో ఒకతె సుర్కురా కోడలు తోర్కో. ఊరికి గంట నడక దూరంలో, మంచుకొండల మధ్య చదునుగా పరుచుకున్న పచ్చికబయల్లో, పదమూడు వందల ఏళ్ళ కిందటి రాళ్ళ పక్కన గుడారాలు వేశారు. పలకరాళ్ళని నిలువునా పాతి నలుచదరంగా కట్టిన దడి ఒకటి. దాని తూర్పున ఛాతీ ఎత్తు రాతిమనిషి. మీసాలు, నడుముకి పట్టీ, పొట్ట దగ్గర రెండు చేతుల్తో పట్టుకున్న గిన్నె. అతని ముందు నుంచి తూర్పుగా, ఒకదాని వెనక ఒకటి, చెక్కని చిన్న రాళ్ళు పదమూడు.

ఊరివాళ్ళకి ఆ రాతిమనిషితో పని పడేది గుర్రం తప్పిపోయినప్పుడు. గిన్నెలో పాలు పోసి, పోయిన గుర్రం రంగు, వయసు, గుర్తు చెబుతారు. అతని నీడ మెల్లగా తిరుగుతుంది. సూర్యుడు ఎటున్నా సరే, గుర్రం ఎటుంటే అటు తిరిగి నిలబడుతుంది. ఆ దారి పట్టుకుని పోతే సాయంత్రానికో మర్నాటికో దొరుకుతుంది. తెచ్చి కట్టేశాక నీడ మళ్ళీ మామూలు నీడే.

అతని దగ్గర రెండే షరతులు. ఒకటి, చెప్పేది సరిగ్గా చెప్పాలి. ఆ లోయలో గుర్రానికి ఏడాదికో పేరు. మొదటి ఏడాది ఒక పేరు, రెండో ఏడాది ఇంకోటి, మూడో ఏడాది ఇంకోటి. మూడేళ్ళ దాన్ని రెండేళ్ళదని చెబితే బిందెడు పాలు పోసినా నీడ కదలదు. రెండోది, తిరిగిన నీడ పోయింది ఇంటికి వచ్చేదాకా అలాగే ఉంటుంది. ఈలోగా ఇంకెవరి గుర్రం పోయినా వాళ్ళ కాళ్ళే వాళ్ళకి దిక్కు.

తవ్వకాల పెద్ద లీదియా పెత్రోవ్నాకి ఈ నీడతో మొదటి వారంలోనే తగువు వచ్చింది. రాతి మీద చెక్కిన గీతలు ఫొటోలో పడాలంటే ఏటవాలు వెలుతురు కావాలి. ఆవిడ కెమెరా నిలబెట్టుకుని గంటసేపు కూర్చుంటే, నీడ ఎటో పక్కకి పోయి గిన్నెని కప్పేసింది.

"ఎవరిదయ్యా గుర్రం పోయింది? త్వరగా పట్టుకురండి. నా ఫొటో పాడవుతోంది" అని అరిచింది.

"మా మేనల్లుడి ఆడగుర్రమమ్మా" అన్నాడు తాదిర్. డెబ్భై ఎనిమిదేళ్ళ ముసలాయన, పాత గుర్రాల కాపరి. "అది మీ పట్నంలో చదువుకొచ్చినట్టుంది. ఒకచోట నిలబడదు, చెబితే వినదు."

"అయితే మంచి ఉద్యోగం వస్తుందిలే దానికి" అంది లీదియా పెత్రోవ్నా. ఆ రోజుకి కెమెరా సర్దేసి బొమ్మ గీసుకుంది. కాయితం అంచున 'నీడ: స్థానికుల పనిలో ఉంది' అని రాసుకుంది.

రాళ్ళ మీద అంత శ్రద్ధ దేశానికి ఎందుకొచ్చిందంటే, వాటి కింద కంకర ఉంది. పట్నానికి పెద్ద రోడ్డు వేస్తున్నారు. క్వారీవాళ్ళు ఆ బయలు మొత్తం అడిగారు. సమాధి ఉంటే క్వారీ పక్కకి జరగాలి, లేకపోతే తవ్వి, బొమ్మలు గీసుకుని, రాతిమనిషిని మ్యూజియంలో పెట్టి, నేల అప్పగించాలి. చరిత్ర ప్రజలదే అని ప్రతి బడి గోడ మీదా రాసి ఉంటుంది. ప్రజలది కాబట్టే కంకరకి చవగ్గా దొరుకుతుంది.

సుర్కురా కొడుకు అమాత్‌ని తీసుకెళ్ళింది రెండేళ్ళ కిందటి శరదృతువులో. లారీ మీద లౌడ్‌స్పీకరు పెట్టుకుని వచ్చారు. మాతృభూమి పిలుస్తోంది అని అది అరిచింది. ఆ మాతృభూమికి ఆసుపత్రి కట్టేటప్పుడు ఆ లోయ పేరు గుర్తుకు రాలేదు. బావి తవ్వేటప్పుడు రాలేదు. పిల్లల్ని పిలిచేటప్పుడు మాత్రం ఏ ఇంట్లో ఎన్నో మంచం మీద ఎవడు పడుకుంటాడో కూడా తెలుసు. అమాత్‌కి పెళ్ళయి అప్పటికి నాలుగు నెలలు. లారీ ఎక్కుతూ, "అమ్మా, మచ్చల గుర్రం ఈనే ముందు లోపల కట్టెయ్, బయట వదిలావంటే తోడేళ్ళకి పెళ్ళిభోజనం" అన్నాడు. చలికాలంలో ఒకసారి ఫోన్ చేసి, ఈనిందా అని అడిగాడు. ఇంకా లేదంది. అంతలో లైను పోయింది. వసంతంలో కాయితం వచ్చింది. ఆచూకీ తెలియదు అని.

అప్పటినుంచి ఆమె ఎక్కని ఆఫీసు మెట్లు లేవు. ప్రతి బల్ల దగ్గరా ఒకటే మాట.

"శవం దొరకలేదు కదమ్మా. శవం లేకుండా చనిపోయాడని ఎలా రాస్తాం?"

"అయితే బతికున్నాడని రాయండి బాబూ."

"మనిషి కనపడకుండా బతికున్నాడని ఎలా రాస్తాం? సరే, వివరాలు చెప్పండి."

ఆమె చెప్పేది. గోధుమరంగు మనిషి, ఇరవై రెండేళ్ళు, ఎడమ కనుబొమ మీద గుర్రం తన్నిన గాటు. అక్కడ రాసుకున్నాక ఇంకో బల్ల దగ్గర. ఆ తర్వాత ఫోన్లో. గోధుమరంగు, ఇరవై రెండేళ్ళు, ఎడమ కనుబొమ. ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. చివరికి ఆ మాటలు ఆమెకి నిద్రలో కూడా అదే వరసలో వచ్చేవి.

రాతిమనిషిని మాత్రం అడగలేదు.

"ఎందుకడగవు అత్తా?" అని తోర్కో ఎన్నిసార్లు గొడవపడిందో. ఆ పిల్లకి ఇరవై మూడేళ్ళు. ముక్కు మీద కోపం, చేతిలో మాత్రం గొప్ప ఓపిక. ఈ వేసవిలో చిన్న కుంచెతో మట్టి దులిపి బొగ్గుముక్కని కూడా విరగకుండా బయటికి తీసేది. లీదియా పెత్రోవ్నా ఆమె పని చూసి, పట్నంలో తమ దగ్గర విరిగిన కుండలు, తుప్పు పట్టిన కళ్ళేలు అతికే పని ఉంది, వస్తావా అని రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ సుర్కురానే జవాబిచ్చింది. "దాని మొగుడొస్తే ఇంట్లో ఎవరుండాలి?" అని.

"నేనడిగితే నీడ పడమటికి తిరిగి అక్కడే ఉండిపోతుంది. వాడు వచ్చేదాకా ఊళ్ళో ఇంకెవరి గుర్రం పోయినా దొరకదు. మూడొందల గుర్రాలు, అరవై ఇళ్ళు. అందరి నీడనీ నా ఒక్కదాని కోసం పట్టుకుని కూర్చోమంటావా?" అనేది సుర్కురా.

"ఊరు పేరు చెప్పి దాక్కుంటున్నావు. నీకు అడగాలంటే భయం."

సుర్కురా గరిటె అందుకునేది. అది నిజమే మరి. నీడ తిరిగితే ఏదో ఒకటి తెలుస్తుంది. తెలియనంతకాలం, పొద్దున ఒక గిన్నె ఎక్కువ టీ కాచుకోవచ్చు.

జులై చివర్లో దడి లోపల అడుగు నేల తగిలింది. నట్టనడుమ ఒక గుంట, అందులో నల్లబడిన దేవదారు గుంజ మొదలు, కొంచెం బొగ్గు, గొర్రె భుజం ఎముకలు, తుప్పు పట్టిన కళ్ళెం. మనిషి ఎముక ఒక్కటీ లేదు.

మధ్యాహ్నం టీకి కూర్చున్నప్పుడు సుర్కురా అడిగింది. "అయితే ఎవర్ని పెట్టారు ఇందులో?"

"ఎవర్నీ పెట్టలేదు" అంది లీదియా పెత్రోవ్నా, రొట్టె టీలో ముంచుకుంటూ. "ఎక్కడో దూరాన పోయి ఉంటాడు. తెచ్చుకోలేకపోయారు. ఇక్కడ చిన్న ఇల్లులా కట్టి, గుంజ పాతి, గొర్రెని కోసి వండి, రమ్మని పిలిచారు."

"వచ్చాడా?"

ఆవిడ టీ గిన్నె కింద పెట్టింది. "వచ్చినట్టు ఆధారాలేమీ దొరకలేదు సుర్కురా."

"మరి ఆ పదమూడు రాళ్ళూ?"

"దానిమీద మాలో మాకు కొట్లాట. అతను చంపిన శత్రువులని కొందరంటారు. విందుకి వచ్చినవాళ్ళు ఇంటికో రాయి పాతారని, వచ్చాం అని చెప్పడానికని కొందరంటారు."

తాదిర్ నవ్వాడు. "శత్రువు కోసం ఏటి నుంచి ఇక్కడిదాకా ఎవడమ్మా రాయి మోసేది? మీ పుస్తకాలు రాసినవాడు ఒక్క రాయి కూడా ఎత్తి ఉండడు."

మర్నాడు పొద్దున్నే క్వారీ ఇంజనీరు జీపులో దిగాడు. బురద అంటని బూట్లు, చేతిలో అట్ట, అట్టకి గుచ్చిన కాయితం. టీ వద్దన్నాడు. ఆ లోయలో టీ వద్దన్నవాడితో ఎవరూ కళ్ళు కలపరు. లీదియా పెత్రోవ్నా ఒక్కతే మాట్లాడింది.

"ఇది సమాధి కాకపోయినా సమాధి లాంటిదే. దూరాన చనిపోయినవాడి కోసం కట్టింది."

"మనిషి అవశేషాలు ఉన్నాయా లేవా? ఇక్కడ రెండే గళ్ళున్నాయి మేడమ్."

"లేవు."

"అయితే ఇది రాళ్ళకుప్ప." అతను కాయితం మీద వేలు పెట్టి చూపించాడు. "రేపు పొద్దున క్రేను వస్తుంది. విగ్రహం ఎక్కించాక ఇక్కడ సంతకం చెయ్యండి."

సుర్కురా గరిటె పట్టుకుని అక్కడే నిలబడి ఉంది. ఆ మాటలు ఆమెకి కొత్త కాదు. శవం లేదు, కాబట్టి కొడుకు పోలేదు. శవం లేదు, కాబట్టి ఇది సమాధి కాదు. ఒకే చెయ్యి రెండు కాయితాలూ రాసింది. పేదవాడి చావుకి సాక్ష్యం కావాలి, పేదవాడి సమాధికీ సాక్ష్యం కావాలి. వాణ్ణి తీసుకుపోయిన రోజు మాత్రం ఎవడూ ఏ సాక్ష్యమూ అడగలేదు.

కబురు ఊళ్ళోకి పాకింది. పొద్దు నడినెత్తి దాటి పడమటికి వాలుతుంటే గుర్రాల మీద జనం రావడం మొదలుపెట్టారు. ఇంటికొకరు, కొన్ని ఇళ్ళ నుంచి ఇద్దరు. అందరి జీనులకీ పాలతిత్తులు వేలాడుతున్నాయి. దడి దగ్గర దిగి, గుర్రాల్ని దూరంగా వదిలి నిలబడ్డారు. తాదిర్ ముందుకొచ్చాడు.

"సుర్కురా, అడుగమ్మా" అన్నాడు.

"ఏమడగాలి బాబాయ్?"

"తెలియనట్టు మాట్లాడకు. రెండేళ్ళు మా గుర్రాల కోసం నోరు మూసుకున్నావు. మాకు తెలుసు. తెలిసీ నోరు మూసుకున్నాం. అది మా సిగ్గు. ఇవాళ నీడ నీది. రేపట్నించి ఎలాగూ మా గుర్రాల్ని మేమే వెతుక్కోవాలి. కాళ్ళున్నాయి, తిట్టుకోవడానికి నోళ్ళున్నాయి."

"మీ కాళ్ళ సంగతి ఎవరికి తెలియదు తాతా" అంది గుంపులోంచి ఒక పిల్ల. "మొన్న గొర్రె కోసం వెళ్ళి పెళ్ళివారింట్లో దొరికారు." నలుగురు నవ్వారు. ఆ నవ్వు వెంటనే ఆగిపోయింది.

సుర్కురా తోర్కో వైపు చూసింది. తోర్కో చేతిలో కుంచె ఇంకా ఉంది. దాన్ని నడుముకి తుడుచుకుంటోంది, ఏదో అంటుకున్నట్టు. "వెళ్ళు అత్తా" అంది.

పాలు పొయ్యడానికి అందరూ ముందుకొచ్చారు. రాతిమనిషి గిన్నె చిన్నది, రెండు దోసిళ్ళు పట్టదు. అయినా అరవై ఇళ్ళ పాలూ అందులో పోశారు. ఒక్క చుక్క కింద పడలేదు, గిన్నె పొంగలేదు. తాగుతున్నాడు, పాపం, ఈ ఊరి పాలు అతనికి ఇదే ఆఖరు అన్నాడు ఎవరో. చివర సుర్కురా పోసింది. మాట కోసం తడుముకోలేదు. నోటికి అలవాటైన మాటలే కదా.

"పోయింది మనిషి" అంది. "గోధుమరంగు. ఇరవై రెండేళ్ళు. ఎడమ కనుబొమ మీద గుర్రం తన్నిన గాటు."

సాయంత్రపు ఎండలో రాతిమనిషి నీడ తూర్పుకి, ఆ పదమూడు రాళ్ళ మీదుగా, పొడుగ్గా పడి ఉంది. కాసేపు అలాగే ఉంది. తర్వాత కదిలింది. రాళ్ళ మీంచి దిగి, ఉత్తరంగా గడ్డి మీదికి జరిగి, నిలబడ్డ జనం కాళ్ళ మీదుగా పాకింది. జనం జరిగి దారిచ్చారు. దడి చుట్టూ తిరిగి, ఎండకి ఎదురుగా, సూర్యుడి మొహం మీదికే పోతున్నట్టు పడమటికి చాచుకుని నిలిచింది. గుర్రాల కోసం ఎప్పుడూ అంత పొడుగు సాగలేదు. ఏటి దాకా పోయి, ఏరు దాటి, అవతలి కొండ మొదట్లో ఎక్కడో కనపడకుండా పోయింది.

ఆ తర్వాత ఒక్కసారిగా గోల.

"దొరికాడే! ఉన్నాడే!"

"పడమటే! చెప్పానా, ఎక్కడో బందీగా ఉండుంటాడని?"

"సుర్కురా, ఏడవకే, నవ్వవే పిచ్చిదానా!"

ఆడవాళ్ళు ఆమెని కౌగిలించుకున్నారు. మగవాళ్ళు టోపీలు తీసి ఎగరేశారు. అందరికంటే గట్టిగా తోర్కో నవ్వింది. రెండేళ్ళలో ఆ పిల్ల నవ్వడం అదే మొదలు. తల వెనక్కి వాల్చి, పెద్దగా, అరిచినట్టు నవ్వుతూ, ఎవరు ఏం మాట్లాడబోయినా వాళ్ళ చేతులు పట్టుకుని గిరగిరా తిప్పుతోంది. సుర్కురాకి కూడా నవ్వు వచ్చింది. తిరిగింది, నీడ తిరిగింది! ఇన్నేళ్ళ పడమర ఇవాళ ఆమెకి ఒక మాట చెప్పింది. ఉన్నాడు. రంగు సరిపోయింది, గాటు సరిపోయింది, ఇరవై రెండేళ్ళు...

ఆమె నవ్వు సగంలో ఆగింది.

వాణ్ణి లారీ ఎక్కించినప్పుడు ఇరవై రెండు. తర్వాత రెండు వసంతాలు గడిచాయి. వసంతంలోనే పుట్టాడు, గుర్రాలు ఈనే కాలంలో. ఇప్పుడు ఇరవై నాలుగు. ఆఫీసుల్లో చెప్పిందే చెప్పీ చెప్పీ నాలుకకి ఆ అంకె అంటుకుపోయింది. ఇక్కడా అదే చెప్పింది. వయసు తప్పు చెప్పింది.

వయసు తప్పు చెబితే నీడ కదలదు.

కదిలింది. అంటే తప్పు చెప్పలేదు. రెండు వసంతాలు గడిచినా ఆమె కొడుక్కి ఇంకా ఇరవై రెండే. వయసు పెరగడం ఆగిపోయిన చోట పడి ఉన్నాడు వాడు.

ఆమె తల ఎత్తింది. గోలలో ఒక్క తాదిర్ మాత్రమే కదలకుండా నిలబడి ఆమెనే చూస్తున్నాడు. డెబ్భై ఏళ్ళు గుర్రాల వయసులు చెప్పిన మనిషి. అతను వినకుండా ఉంటాడా? టోపీ చేతిలో పట్టుకున్నాడు. ఎగరెయ్యలేదు. నెమ్మదిగా తల దించుకున్నాడు.

జనం ఆమె దగ్గర టీ తాగి, ఆమెని మళ్ళీ మళ్ళీ కౌగిలించుకుని, పొద్దు ఇంకా ఉండగానే పాటలు పాడుకుంటూ ఇళ్ళకి పోయారు. సుర్కురా ఎవరికీ ఏమీ చెప్పలేదు. వాళ్ళ సంతోషాన్ని ఎక్కడ పట్టుకుని ఆపాలో ఆమెకి తెలియలేదు. చివరగా వెళ్ళిన తాదిర్ గుర్రమెక్కే ముందు, "ఏటి ఒడ్డున పొడుగు రాళ్ళున్నాయి. ఒక్కదానివే ఎత్తకు, నడుం విరుగుతుంది" అన్నాడు.

ఆమె ఒక్కతే వెళ్ళింది. మోకాలెత్తు రాయిని ఒకదాన్ని ఏరుకుంది. బూడిదరంగుది, ఒక పక్క చదునుగా ఉంది. గోనెపట్టా మీదికి దొర్లించి లాగడం మొదలుపెట్టింది. నాలుగడుగులు లాగడం, ఆగడం. కొండల మీద ఎండ ఎర్రబడింది. పదో పన్నెండో సారి ఆగినప్పుడు పట్టా రెండో కొసని ఇంకో చెయ్యి పట్టుకుంది.

తోర్కో.

"నువ్వెందుకొచ్చావు? పో, పోయి పడుకో. సంతోషపడ్డావుగా, పడుకో."

తోర్కో కొస వదల్లేదు. ఇద్దరూ లాగారు. దడి దగ్గరికొచ్చాక, పదమూడో రాయి తర్వాత, సుర్కురా పలుగుతో గుంట తవ్వుతూ తల ఎత్తకుండా చెప్పింది.

"అమ్మాయ్, నేను ఇరవై రెండు అన్నాను."

"విన్నాను."

పలుగు ఆగింది. "ఎప్పుడు?"

"నువ్వు అన్నప్పుడే. నోటి దాకా వచ్చింది ఇరవై నాలుగు అని. అంతలో నీడ కదిలింది." తోర్కో గొంతు చాలా మామూలుగా ఉంది, ఉప్పు ఎంత వెయ్యాలో అడుగుతున్నట్టు. "నీకు తట్టకూడదని నవ్వాను అత్తా. గోల చేస్తే లెక్క గుర్తుకు రాదనుకున్నాను. ఒక్క రాత్రయినా నిద్రపోతావనుకున్నాను."

సుర్కురా పలుగు కింద పెట్టింది. కోడలి మొహం చూసింది. నవ్వి నవ్వి పెదవి చిట్లి ఉంది.

"నువ్వా నాకు కాపలా కాసేది?" అంది. "నువ్వా? రెండేళ్ళు నిన్ను కట్టుగుంజకి కట్టేసి ఉంచాను నేను. వాడొస్తాడని కాదు. నువ్వు పోతే వాడు పోయినట్టే అవుతుందని."

"తెలుసు."

"తెలిస్తే ఎందుకున్నావే?"

"నువ్వు ఒక గిన్నె ఎక్కువ టీ కాచేదానివి కదా. ఎవరో ఒకరు తాగాలిగా."

రాయి నిలబెట్టారు. తూర్పుకి మొహం పెట్టి, మట్టి కప్పి, కాళ్ళతో తొక్కి బిగించారు. దడి లోపల, పదమూడు వందల ఏళ్ళనాటి బొగ్గు పక్కన, సుర్కురా చిన్న మంట వేసి గొర్రె భుజం ముక్క ఒకటి కాల్చింది. శవం లేని ఆ ఇంట్లో ఇంకో శవం లేనివాడికి ఒక్క పూట చోటు దొరక్కపోతుందా? పేరు పెట్టి పిలిచింది, ఒక్కసారే. తర్వాత తోర్కోని ముందు కూర్చోబెట్టుకుని, పెళ్ళయిన ఆడదాని రెండు జడలూ విప్పింది. మొగుడు పోయినదాని జుట్టు ఇంట్లో పెద్దది విప్పాలి. ఆ లోయలో అదే పద్ధతి. కాయితం వచ్చాకే విప్పాలని ఎక్కడా లేదు. జుట్టు విప్పుతున్నంతసేపూ తోర్కో ఏడ్చింది. నవ్వినంత గట్టిగానే ఏడ్చింది. ఈసారి వినడానికి ఎవరూ లేరు.

"రేపు ఆవిడతో పో" అంది సుర్కురా. "విరిగినవి అతికే పని అందిగా. పో."

"నువ్వొక్కదానివే..."

"నోరు మూసుకుని పో అమ్మాయ్. ఇంకోసారి అడిగితే వద్దనేస్తాను."

పొద్దున క్రేను వచ్చింది, లారీ వచ్చింది, ఇంజనీరు వచ్చాడు. లీదియా పెత్రోవ్నా తన పటం చేత్తో పట్టుకుని రాళ్ళ వరస వెంట నడిచింది. చివర ఆగింది. కొత్త రాయి మొదట్లో మట్టి ఇంకా తడిగా ఉంది. దడిలో నిన్న లేని బూడిద ఉంది. ఆవిడ సుర్కురా వైపు, జుట్టు విరబోసుకుని మూట పట్టుకున్న తోర్కో వైపు చూసింది. టేపు తీసి రాయి ఎత్తు కొలిచింది. పటంలో పద్నాలుగో గుర్తు పెట్టింది.

"నిన్న పదమూడన్నారు" అన్నాడు ఇంజనీరు.

"నిన్న ఒక ఇంటివాళ్ళు రాలేదు" అంది ఆవిడ.

"అంటే?"

"లెక్క తప్పానంటున్నాను."

"శవం దొరికిందా?"

లీదియా పెత్రోవ్నా కలం మూత తీసింది. సంతకం చెయ్యకపోతే ఇంకో ఊరి నుంచి ఇంకొకరిని పిలిపించి చేయిస్తారు. ఆవిడకీ తెలుసు, అతనికీ తెలుసు. తెలియనివాడెవడూ అక్కడ లేడు. మన కాలంలో అన్యాయం చీకట్లో జరగదు. పట్టపగలు, రెండు గళ్ళలో ఒకదాన్ని చూపించి, ఇక్కడ సంతకం చెయ్యండి అంటుంది.

"లేదు" అని చెప్పి సంతకం చేసింది.

గొలుసులు బిగించారు. రాతిమనిషి నేలలోంచి ఊడి, గిన్నె పొట్టకి అదుముకుని, గాలిలో ఒకసారి ఊగి, లారీలో వెల్లకిలా పడుకున్నాడు. తోర్కో అత్త నుదుటికి నుదురు ఆనించి, వెళ్ళి డ్రైవరు పక్కన ఎక్కింది. సుర్కురా చెయ్యి ఊపలేదు. ఆ లోయలో పోయేవాళ్ళకి చెయ్యి ఊపరు. అప్పటికే ఊరివాళ్ళు కొందరు వచ్చి నిలబడ్డారు. నిన్న టోపీలు ఎగరేసినవాళ్ళు తోర్కో జుట్టు చూశారు, వరస చివర రాయి చూశారు. ఒకరి తర్వాత ఒకరు టోపీలు తీశారు.

లారీ దుమ్ము లేపుకుంటూ పోయింది. కొండ మీద నుంచి అప్పుడే సూర్యుడు పైకొచ్చాడు. సుర్కురా తలెత్తి రాతిమనిషి నీడ కోసం చూసింది. లారీ అంచు మీంచి జారి, పచ్చిక మీద పడమటికి పరుచుకుని పోతోంది. కానీ దాన్ని గుర్తుపట్టడం కష్టమైంది. తొలి ఎండలో అక్కడ ఉన్న ప్రతిదాని నీడా అటే పడింది. పద్నాలుగు రాళ్ళవీ, గుర్రాలవీ, క్రేనుదీ, టోపీ తీసిన ముసలాళ్ళవీ, వాళ్ళ పక్కన నిలబడ్డ పద్దెనిమిదేళ్ళ, పంతొమ్మిదేళ్ళ మనవలవీ. అందరి నీడలూ పొడుగ్గా, నల్లగా, పడమటికే.